మూడో అంతస్తు తటస్థ ప్రాంతం

మా ఊరి కుటుంబ న్యాయస్థానానికి ఒక సర్క్యులర్ వచ్చింది. తల్లిదండ్రులు విడిపోతే పిల్లలు ఎవరి దగ్గర ఉండాలో పిల్లల్నే అడగాలి. అడిగే ముందు వాళ్ళ మీద ఎవరి ప్రభావమూ లేకుండా చూడాలి. అందుకని తల్లికీ తండ్రికీ సమాన దూరంలో ఉన్న తటస్థ ప్రాంతంలో వాళ్ళని కొంతకాలం, సాయంత్రంపూట ఉంచాలి. ఇదీ దాని సారాంశం.

రాసినవాళ్ళు మంచి ఉద్దేశంతోనే రాశారు. వాళ్ళ మనసులో ఉన్నది ఏ పార్కో, ఏ లైబ్రరీయో అయ్యుంటుంది. కానీ మా అపార్ట్‌మెంటులో గోపీనాథ్ రెండో అంతస్తులో ఉంటాడు. అతని భార్య సునంద నాలుగో అంతస్తులో ఉంటుంది. మధ్యలో నేనుంటాను.

వాళ్ళు విడిపోయింది ఏసీ దగ్గర. అతనికి పద్దెనిమిది మీద పెడితే గాని నిద్ర పట్టదు. ఆవిడకి ఇరవయ్యారు దాటితే గాని పట్టదు. కూతురు ఉజ్వల ఇద్దరి మధ్యా పడుకునేది. రిమోట్ ఎవరి చేతికి దొరికితే వాళ్ళు నొక్కుతూ ఉండటంతో ఆ పిల్ల రాత్రంతా దుప్పటి కప్పుకోవడం, తీసేయడం, ఇదే పనిగా పెరిగింది. రిమోట్ దగ్గర మొదలైన మాట ఇద్దరి పుట్టిళ్ళ దాకా వెళ్ళింది. సునంద పెట్టె సర్దుకుంది. గుంటూరు వెళ్ళిపోతుందేమో అనుకున్నాం. నాలుగో అంతస్తుకి వెళ్ళింది. అక్కడ వాళ్ళ అన్నయ్య ఫ్లాటు, ఆయనకి బదిలీ అయ్యాక ఖాళీగా ఉంది. ఈ బిల్డింగు వదలడానికి ఇద్దరూ సిద్ధంగా లేరు. స్కూలు బస్సు గేటు ముందే ఆగుతుంది, మంచినీళ్ళు రోజూ వస్తాయి. మొగుడో పెళ్ళామో లేకపోయినా గడుస్తుంది గానీ ఈ రెండూ ఒకేచోట మళ్ళీ దొరకవని ఇద్దరికీ తెలుసు.

అప్పట్నుంచి ఉజ్వల వంతులవారీగా పైనా కిందా ఉంటోంది, దాంతో ప్రశ్నలు మొదలయ్యాయి. నాలుగో క్లాసు చదువుతోంది. లిఫ్టులో తండ్రి కనిపిస్తే, "అమ్మ పప్పుచారు పెట్టిందా? బాగుందా? నేను పెట్టినంత బాగుందా?" అంటాడు. మెట్ల మీద తల్లి కనిపిస్తే, "నాన్న దగ్గర నిద్ర పట్టిందా? నిజం చెప్పు. నాకేం బాధ లేదు, నిజం చెప్పు," అంటుంది. ఇక చుట్టాలు సరేసరి. మనవాళ్ళకి పిల్ల కనిపిస్తే ఒకటే ప్రశ్న కదా, అమ్మ ఇష్టమా, నాన్న ఇష్టమా అని. కాపురం సవ్యంగా ఉన్న ఇళ్ళలోనే అడుగుతారు, ఇక్కడ అడక్కుండా ఉంటారా? వాచ్‌మన్ అడిగాడు. పాలావిడ అడిగింది. ఉజ్వల అందరికీ "ఇద్దరూ" అనే చెప్పేది. చివరికి ఎవరో "ఎన్నో క్లాసమ్మా?" అని అడిగితే కూడా "ఇద్దరూ అండి" అంది.

ఈ పరిస్థితిలో ఒక ఆదివారం సుగుణాకరరావు గారు మా గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. కుటుంబ న్యాయస్థానంలో బాలల అభిప్రాయ సంరక్షణాధికారి ఆయన. చేతిలో కొలత టేపు ఉంది. దాని రెండో కొస కింద మెట్ల దగ్గర బంట్రోతు పట్టుకున్నాడు.

"విశ్వేశ్వరం గారంటే తమరేనా?"

"నేనేనండి."

"తమరి గడప తల్లి గడపకీ తండ్రి గడపకీ సరిగ్గా మధ్యలో ఉన్నది. దూరరీత్యా తటస్థత సిద్ధించింది. ఇక స్వభావరీత్యా తటస్థత విచారించవలసి ఉన్నది." ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "తమరు ఆఖరుసారి ఒక అభిప్రాయాన్ని వ్యక్తం చేసినది ఎప్పుడు?"

ఆలోచించాను. ఇరిగేషన్ ఆఫీసులో హెడ్డు గుమాస్తాగా చేసినంత కాలం అలాంటి అవసరం రాలేదు. అపార్ట్‌మెంటు మీటింగులో లిఫ్టు మార్చాలా, బాగుచేయాలా అని కొట్టుకున్నప్పుడు కూడా రెండు పక్షాలకీ తల ఊపాను.

"పెళ్ళిచూపుల్లోనండి," అన్నాను. "అది కూడా మా నాన్నగారే వ్యక్తం చేశారు."

లోపలి నుంచి మా ఆవిడ సుభద్ర గిన్నె ఒకటి గట్టిగా పెట్టిన చప్పుడు వినిపించింది.

సుగుణాకరరావు గారి ముఖం వెలిగిపోయింది. "జిల్లా అంతా గాలించినా ఇటువంటి వ్యక్తి దొరకలేదండి," అన్నారు. ఇన్నేళ్ళ జీవితంలో నా గురించి ఒక గవర్నమెంటు మనిషి అంత మంచిమాట చెప్పడం అదే మొదలు. ఒప్పుకోకుండా ఎలా ఉంటాను?

"పిల్ల రావడానికి మాకేం అభ్యంతరం లేదు గానీ," అంటూ సుభద్ర బయటికి వచ్చింది, "దానికి ఏం తినడం ఇష్టమో కనుక్కుని చెప్పండి."

"అమ్మా, అదే కూడదు," అన్నారాయన. "సదరు బాలికను ఏ ప్రశ్నా అడగరాదు. ప్రశ్నలో ఆశ ఉంటుంది, ఆశలో మొగ్గు ఉంటుంది."

"అన్నం తిన్నావా అని కూడానా?"

"అది మరీ ప్రమాదకరం. తినలేదంటే తల్లి పెట్టలేదని గాని, తండ్రి పెట్టలేదని గాని తేలుతుంది."

సుభద్ర నా వైపు చూసింది. గోదావరి జిల్లాలో పుట్టిన మనిషి గుమ్మంలోకి వచ్చిన పిల్లని అన్నం తిన్నావా అని అడక్కుండా ఉండాలంటే శ్వాస బిగబట్టాలి. ఆ సంగతి సుగుణాకరరావు గారికి ఏ సర్క్యులర్లోనూ రాలేదు.

తర్వాత ఆయన మా ఇంటిని తటస్థం చేశారు. ముందు మా పెళ్ళి ఫోటో దింపించారు. ఆలుమగలు కలిసే ఉండాలన్న సూచన అందులో ఉందట. మేమిద్దరం అందులో చెరో దిక్కూ చూస్తున్నామని సుభద్ర చెప్పినా వినలేదు. అక్కడి నుంచి దేవుడి గది దగ్గరికి వచ్చారు. శివపార్వతుల పటం ఎలాగూ వీల్లేదు. రాముడి పటానికి అడ్డు చెప్పారు, తండ్రి మాట విన్నాడు కాబట్టి.

"వినాయకుడు ఉండొచ్చా అండి?" అన్నాను.

"ఎట్లా ఉంటాడండి? తల్లి చెప్పిందని తండ్రినే గుమ్మంలో నిలబెట్టిన వ్యక్తి. పచ్చి తల్లి పక్షం."

చివరికి ఆంజనేయస్వామి ఒక్కడే నిలిచాడు. "ఈయనని తల్లి పేరుతో ఆంజనేయుడు అంటారు, తండ్రి పేరుతో వాయుపుత్రుడు అంటారు. సమతుల్యం ఉన్నది," అని ఆయన పటానికి నమస్కారం పెట్టి, పటం వెనక ఏమైనా ఉందేమో చూసి, వదిలేశారు.

వంటింట్లో ఇంకాస్త కష్టమైంది. గోపీనాథ్ వాళ్ళది మా గోదావరి వైపే, పప్పుచారులో బెల్లంముక్క పడాలి. సునందది గుంటూరు, బెల్లం వేస్తే పాయసమా అని అడుగుతుంది. కాబట్టి పప్పుచారు పెడితే బెల్లం వేసినా ఒక పక్షం, వేయకపోయినా ఒక పక్షం. ఆవకాయ సంగతీ అంతే, వెల్లుల్లి దగ్గర తేడా వచ్చింది. సుగుణాకరరావు గారు చాలాసేపు పోపులపెట్టె వైపు చూస్తూ నిలబడి పెరుగన్నం మంజూరు చేశారు.

"నంజుకోవడానికి?" అంది సుభద్ర.

"ఏమీ వద్దమ్మా. నంజుకునేదాంట్లోనే ప్రభావం దాగి ఉంటుంది."

మర్నాటి సాయంత్రం నుంచి స్కూలు బస్సు దిగిన ఉజ్వల మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. మొదట్లో సోఫా అంచు మీద, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, ఇంటర్వ్యూకి వచ్చినట్టు కూర్చునేది. నేను దగ్గితే చాలు "ఇద్దరూ" అనేది. నేను పేపర్లోకి తల దూర్చేసేవాణ్ణి. సుభద్రకి మాత్రం గొంతులో ప్రశ్నలు అడ్డుపడి ఎక్కిళ్ళు వచ్చేవి. రెండో రోజుకి ఒక ఉపాయం కనిపెట్టింది. పిల్లకి వీపు పెట్టి, గోడ వైపు తిరిగి, "పెరుగన్నం బల్ల మీద ఉంది," అంది. ప్రశ్న కాదు కదా. "మంచినీళ్ళు కూజాలో ఉన్నాయి. ఎవరికైనా జడ ఊడిపోతే దువ్వెన ఇక్కడుంది. నేను ఖాళీగానే ఉన్నాను," అని కూడా గోడకే చెప్పింది.

పిల్ల కాసేపు గోడ వంక చూసింది. తర్వాత వచ్చి సుభద్ర ముందు వీపు పెట్టి కూర్చుంది. జడ వేయడం అయిపోయింది. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు.

వారం తిరిగేసరికి బ్యాగు సోఫాలో, పిల్ల చాప మీదా ఉండటం మొదలైంది. బోర్లా పడుకుని బొమ్మలు గీసేది. ట్యూబులైటు వెనక బల్లికి సూరిబాబు అని పేరు పెట్టింది. అప్పుడప్పుడు తనే గోడ వైపు తిరిగి, "గోడా, ఇవాళ మా లెక్కల టీచరు చీరకి ధర చీటీ అలాగే ఉంది, ఎవరం చెప్పలేదు," అనేది. సుభద్ర కూడా గోడతోనే, "పాపం, చెప్పాల్సింది," అనేది. స్వచ్ఛమైన పెరుగన్నం తిని పిల్ల ఒళ్ళు కూడా చేసింది. ఏడు కాగానే బ్యాగు తగిలించుకుని వంతు ప్రకారం పైకో కిందకో వెళ్ళేది. వెళ్ళేటప్పుడు భుజాలు మళ్ళీ బిగుసుకునేవి. మా తలుపు వేసేలోపే మెట్ల మీంచి, "వచ్చావా? ఏం చెప్పారు వాళ్ళు? నా గురించేమైనా అన్నారా?" అన్న మాటలు వినిపించేవి.

అంతా సవ్యంగా జరిగిపోయేది. ఈలోగా మా బావమరిది సత్తిబాబు అమలాపురం నుంచి కొబ్బరికాయలు పట్టుకుని దిగాడు. చెప్పులు విప్పుతూనే చాప మీద పిల్లని చూశాడు.

"ఏమ్మా బుజ్జీ, నీకు అమ్మంటే ఇష్టవా, నాన్నంటే ఇష్టవా?"

మేమిద్దరం అతని నోరు నొక్కేలోపే జరిగిపోయింది. ఉజ్వల లేచి బ్యాగు ఒళ్ళో పెట్టుకుని సోఫా అంచు మీద కూర్చుంది. "ఇద్దరూ అండి," అంది.

నియమం ప్రకారం కబురు పంపాను. సుగుణాకరరావు గారు పరిగెత్తుకుంటూ వచ్చి సత్తిబాబుని బాల్కనీలో విచారించారు.

"ఏ స్వరంలో అడిగారు?"

"ముద్దుగా అడిగానండి బాబూ. పిల్ల కదా."

"ముద్దుగా అడిగితే ప్రభావం రెట్టింపు. ఇన్నాళ్ళ క్షాళన గంగలో కలిపారు. మళ్ళీ మొదటినుంచీ నానబెట్టాలి."

"పిల్లనా అండి?" అన్నాడు సత్తిబాబు భయంగా.

వాయిదా మరో నెల దూరం జరిగింది. మా తలుపుకి "ఇచ్చట ప్రశ్నలు అడగరాదు" అని బోర్డు తగిలించారు. దాంతో మా ఇంటి చుట్టూ ఒక ప్రశాంతత ఏర్పడింది. కొరియర్ కుర్రాడు "విశ్వేశ్వరం గారున్నారా" అనలేక, "విశ్వేశ్వరం గారు ఉండొచ్చు" అని చెప్పి గుమ్మంలో నిలబడేవాడు. పక్కింటి విషయాలు కనుక్కోవడానికి వచ్చే కింది ఫ్లాటు ఆవిడ బోర్డు చదివి వెనక్కి వెళ్ళిపోయింది. సుభద్ర ఆ బోర్డుని రోజూ తడిగుడ్డతో తుడవడం గమనించాను.

చివరికి కోర్టు రోజు వచ్చింది. జడ్జి గారి గదిని పిల్లలకి అనువుగా ఉండాలని ముందే తయారుచేశారు. గోడల మీద ఏనుగులు, కుందేళ్ళు వేయించారు. ఏది ఆడదో ఏది మగదో తెలియకుండా వేయించామని సుగుణాకరరావు గారు నా చెవిలో చెప్పారు. జడ్జి గారు అరవైకి దగ్గరపడిన ఆవిడ. కళ్ళజోడు మీంచి చూసి మాట్లాడతారు.

సుగుణాకరరావు గారు లేచి, "సదరు బాలిక మనఃఫలకమును సంపూర్ణముగా తుడిచి, ఏ మరకయూ లేని స్థితిలో ఏలినవారి ముందు హాజరుపరచడమైనది," అన్నారు.

"కూర్చోండి," అన్నారు జడ్జి గారు. "ఉజ్వలా, నీకు ఎక్కడ ఉండాలనుందమ్మా?"

సునంద కొంగు నలుపుతోంది. గోపీనాథ్ బూటు ముక్కు చూసుకుంటున్నాడు. ఉజ్వల ఇద్దర్నీ ఒకసారి చూసి, తల తిప్పేసి, కుందేలు ఉన్న గోడకి చెప్పింది.

"మూడో అంతస్తులో."

జడ్జి గారు ముందుకి వంగారు.

"అక్కడేముందమ్మా?"

"ఏం లేదండి. అక్కడ నన్నెవరూ ఏమీ అడగరు."

జడ్జి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సుగుణాకరరావు గారు మాత్రం పట్టరాని ఆనందంలో ఉన్నారు. "ఇంత నిర్మలమైన అభిప్రాయం నా సర్వీసులో చూడలేదండి. తల్లి ప్రభావం లేదు, తండ్రి ప్రభావం లేదు," అన్నారు. నియమావళి ప్రకారం పిల్ల కోరిన ప్రతి వ్యక్తీ కేసులో పార్టీ అవుతాడట. ఆ విధంగా నేను, ఎవరితోనూ ఏ గొడవా పెట్టుకోని మనిషిని, మూడో పక్షం అయ్యాను.

బయట వరండాలో సునంద నన్ను పట్టుకుంది. "బాబాయిగారూ, మిమ్మల్ని పెద్దమనిషనుకున్నా. పిల్లని ఏందండీ చేశారు మీరు?"

"ఏమీ చేయలేదమ్మా. అసలు ఏమీ చేయకూడదనే కదా రూలు."

"అదేనండీ నేను చెప్పేది," అన్నాడు గోపీనాథ్ వెనక నుంచి. "ఏమీ చేయకుండానే పిల్లని లాగేసుకున్నారు. ఏదన్నా చేసుంటే మేమూ పోటీగా చేసేవాళ్ళం."

"అదీ," అంది సునంద.

ఏడాదిలో ఆవిడ అతని మాటకి "అదీ" అనడం అదే మొదటిసారి. ఇద్దరికీ తెలియలేదు గానీ నేను విన్నాను.

నా మీద అభ్యంతరం దాఖలు చేయాలి. విడివిడిగా వేస్తే ఒకటి కొట్టేస్తే రెండోదీ నిలవదని వాళ్ళ వకీళ్ళు చెప్పారు. కలిపి వేయాలి. కలిపి రాయాలంటే కలిసి కూర్చోవాలి. నా ఇల్లు శత్రు స్థావరం కాబట్టి కింద గోపీనాథ్ ఇంట్లో కూర్చున్నారు. సాయంత్రాలు మా బాల్కనీలోకి వాళ్ళ మాటలు పైకి తేలివచ్చేవి.

"పెరుగన్నం తప్ప ఏమీ పెట్టలేదని రాయి. ఎదిగే పిల్ల."

"దానికి పప్పుచారంటే ప్రాణం. అసలు ఆ సంగతి తెలుసా వాళ్ళకి?"

"ప్రాణమే. బెల్లం వేసింది."

"వేయంది."

మళ్ళీ బెల్లం దగ్గరికే వచ్చారు. ఇక అయిపోయిందనుకున్నాం.

"నీ దగ్గర కూడా తింటుందా?" అన్నాడు గోపీనాథ్.

"రెండు గిన్నెలు తింటది. నీ దగ్గర?"

"రెండు గిన్నెలే."

ఆ తర్వాత నా గురించి ఏదో అన్నారు. నేను పేపరు తిరగేసి పట్టుకుని చదువుతున్నట్టు నటిస్తానని సునంద అనుకరించి చూపించి ఉండాలి. ఇద్దరి నవ్వూ ఒకేసారి వినిపించింది. సుభద్రకి ఒళ్ళు మండింది.

"వినండి, మనల్ని తిడుతున్నారు."

"వాళ్ళనేదీ నిజమే," అన్నాను అలవాటు కొద్దీ.

తర్వాతి వాయిదాకి వాళ్ళు ఒకే ఆటోలో దిగారు. జడ్జి గారు అభ్యంతరం మొదటి నుంచి చివరి దాకా చదివారు. మధ్యలో ఒకచోట పెదవి బిగించి నవ్వు ఆపుకున్నారు.

"ఇది బాగా రాశారు," అన్నారు. "పిల్లకి ఏది పడుతుందో, ఏది పడదో, ఏ రాత్రి ఉలిక్కిపడి లేస్తుందో, అన్నీ ఉన్నాయి. మీరిద్దరూ వేరువేరుగా వేసిన పిటిషన్లలో ఇవేవీ లేవే?"

జడ్జి గారు నా వైపు తిరిగారు.

"విశ్వేశ్వరం గారూ, మీరేమంటారు? పిల్ల ఎక్కడుండాలి?"

లేచి నిలబడ్డాను. రెండు వైపులకీ తల ఊపడానికి మెడ సిద్ధం చేసుకున్నాను. కానీ కుర్చీ అంచు మీద బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఉజ్వల కనిపించింది.

"పైనున్నా, కిందున్నా సరేనండి," అన్నాను. "అడగడం మానేస్తే చాలు."

సుగుణాకరరావు గారు, నమ్మిన స్నేహితుడు మోసం చేసినట్టు నా వైపు చూశారు. "అభిప్రాయం," అన్నారు నీరసంగా. "అభిప్రాయం వెలిబుచ్చారు." అక్కడితో నా తటస్థ పదవి పోయింది. మూడో పక్షం హోదా కూడా నేనే వదులుకున్నాను.

జడ్జి గారు ఆజ్ఞ రెండు ముక్కల్లో ముగించారు. పిల్లని తల్లి గురించి తండ్రి గాని, తండ్రి గురించి తల్లి గాని ఏమీ అడగకూడదు. ఏదైనా తెలుసుకోవాలనిపిస్తే ఒకర్నొకరు అడుక్కోవాలి.

వాళ్ళు ఒకర్నొకరు అడుక్కోవడం మొదలుపెట్టారు. పిల్ల పాలు తాగిందా, పడుకుందా, జ్వరం తగ్గిందా అని రోజంతా లిఫ్టు పైకీ కిందకీ తిరిగేది. లిఫ్టు అలా తిరిగి తిరిగి ఒకరోజు పాడైంది. మెట్లెక్కడం కష్టమై సునంద పెట్టె సర్దుకుని కిందకి దిగిపోయింది. బిల్డింగులో అందరికీ చెప్పిన కారణం అదే. ఏసీ ఇప్పుడు ఇరవై రెండు మీద ఉంది. అతనికి ఉక్కపోస్తుంది, ఆవిడకి చలేస్తుంది. పద్దెనిమిదికీ ఇరవయ్యారుకీ సరిగ్గా సమాన దూరమని గుర్తించిన సుగుణాకరరావు గారు, తటస్థ సిద్ధాంత విజయమని పైకి నివేదిక పంపారు. ఆయనకి ప్రమోషన్ వచ్చిందని విన్నాను.

బోర్డు తీసేశారు. వినాయకుడు, రాముడు, శివపార్వతులు తిరిగి గోడకెక్కారు. మా పెళ్ళి ఫోటో కూడా ఎక్కింది. చెరో దిక్కూ చూస్తూనే ఉన్నాం.

ఆ తర్వాత ఒక సోమవారం సాయంత్రం బస్సు దిగిన ఉజ్వల రెండో అంతస్తు దాటి మా ఇంటికొచ్చింది. ఏ ఆజ్ఞా లేదు, తనంతట తనే వచ్చింది. చెప్పులు విప్పి చాప పరుచుకుంది. సుభద్ర ఈ రోజు కోసమే కాచుకుని ఉంది. పప్పుచారు రెండు గిన్నెల్లో, రెండు రకాలుగా కాచి పెట్టుకుంది. నెలల తరబడి దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది.

"వచ్చావా తల్లీ? అన్నం తిన్నావా? ఏం కూర? స్కూల్లో ఏం చెప్పారు? అమ్మా నాన్నా బాగున్నారా? రాత్రి నిద్ర పడుతోందా? ఏ గిన్నెలోది వడ్డించను? చిక్కిపోయావేంటి?"

ఉజ్వల బ్యాగు ఒళ్ళోకి తీసుకోబోయి ఆగింది. దాన్ని సోఫా మీదకి తోసి, లేచి, సుభద్రని రెండు చేతులతో భుజాలు పట్టుకుని నెమ్మదిగా తిప్పింది.

"మామ్మా, గోడకి చెప్పు," అంది.